ఈక మీద పడ్డ గీత: నాలుగు పిచ్చుక పిల్లల కేసు

ఈ కేసులో నా దగ్గరికి వచ్చినవి నాలుగు పిచ్చుక పిల్లలు. ఒకటి వచ్చిన గంటలోపే చనిపోయింది. మూడు పెరిగి ఎగిరిపోయాయి. అంకెల్లో చూస్తే ఫలితం బాగున్నట్టే. కానీ మూడో రోజు మధ్యాహ్నం నా వల్ల ఒక పొరపాటు జరిగింది. అది ఆ పిల్లల ఈకల మీద గీతగా మిగిలి, చివరి రోజు దాకా నాకు కనబడుతూనే ఉంది. అందుకే ఈ కేసు పూర్తిగా రాస్తున్నాను. పిల్ల పక్షుల్ని సాకేవాళ్లు ఆ గీతను చూడటం నేర్చుకుంటే, మా నోట్‌బుక్కుల్లో లేని విషయాలు కూడా వాళ్లకు తెలుస్తాయి.

వచ్చిన రోజు

గోడ మరమ్మతు చేయిస్తున్న ఇంటివాళ్లు పిల్లల్ని అట్టపెట్టెలో తెచ్చారు. వెంటిలేటర్ వెనక గూడు ఉందని పని మొదలయ్యాక గానీ తెలియలేదట. గూడు చెదిరి కింద పడింది, కన్నం సిమెంటుతో మూసేశారు. ఇదంతా ముందురోజు సాయంత్రం జరిగింది. రాత్రంతా పిల్లల్ని టవల్లో చుట్టి ఉంచారు, పాలలో నానబెట్టిన బ్రెడ్డు పెట్టారు, నోట్లో నీళ్లు పోశారు.

“ఏం పెట్టినా అరుస్తూనే ఉన్నాయండీ. తెల్లారేసరికి అరుపులు కూడా ఆగిపోయాయి” అన్నారు ఆ ఇంటావిడ. ఆవిడ కూడా రాత్రి నిద్రపోయినట్టు లేరు.

నేను ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి ఎవరున్నా అదే చేసేవారు. అయితే ఆ మూడు పనులూ పిల్ల ప్రాణం మీదికి తెచ్చేవే. పక్షులు పాలిచ్చే జీవులు కావు. పాలలోని చక్కెరను అరిగించే ఏర్పాటు వాటి పేగుల్లో లేదు కాబట్టి పాలు పడితే విరేచనాలవుతాయి, ఒంట్లో ఉన్న నీరూ పోతుంది. బ్రెడ్డుతో కడుపు నిండుతుంది కానీ ఎముకకూ కండకూ ఈకకూ కావలసింది అందులో లేదు. ఇక నీళ్లు. పక్షి నోరు తెరిచి చూడండి. నాలుక మొదట్లోనే ఊపిరి గొట్టం ద్వారం కనిపిస్తుంది. పైనుంచి చుక్క వేస్తే నేరుగా అందులోకి పోవచ్చు. గూటి పిల్లకు విడిగా నీళ్లు పట్టాల్సిన అవసరం లేదు, మేతలోని తడే దానికి సరిపోతుంది.

వయసు ఆరు రోజులని అంచనా వేశాను. పిచ్చుక పిల్ల నూగు కూడా లేకుండా, ఒట్టి గులాబి రంగు చర్మంతో పుడుతుంది. నాలుగైదు రోజులకు కళ్లు విచ్చుకోవడం మొదలవుతుంది. వీటి కళ్లు సన్నటి చీలికల్లా తెరుచుకున్నాయి. రెక్కల అంచున బూడిద నీలం రంగులో సన్నటి ముళ్లలాంటివి పొడుచుకొస్తున్నాయి. అవి ఈకల తొడుగులు. ఈక లోపల చుట్టచుట్టుకుని పెరుగుతుంటుంది. ఆ దశలో తొడుగులో రక్తం పారుతూ ఉంటుంది కాబట్టి పట్టుకునేటప్పుడు అది విరగకుండా చాలా జాగ్రత్త పడాలి.

తూకాలు 12.6, 11.9, 9.4, 8.8 గ్రాములు. ఆరు రోజుల పిల్ల అంతకంటే మూడు నాలుగు గ్రాములు ఎక్కువే ఉండాలి. చర్మం ఎర్రగా ఉంది. మెడ దగ్గర మెల్లగా గిల్లితే మడత అలాగే నిలిచిపోతోంది. నోరు లోపల జిగటగా ఉంది. ఒంట్లో నీరు బాగా తగ్గిందని వీటిని బట్టే తెలుస్తుంది. వేలితో తాకితే నాలుగూ చల్లగా ఉన్నాయి.

ఇలాంటప్పుడు చేతులు మేత వైపు పోతాయి. ఆపుకోవాలి. మా పనిలో వరుస ఒక్కటే: ముందు వెచ్చదనం, తర్వాత నీరు, ఆ తర్వాతే మేత. చల్లబడిన పిల్లకు పేగులు కదలవు. పెట్టింది లోపలే నిలిచి పులుస్తుంది. ఆకలితో ఉన్న పిల్లను కాపాడబోయి చంపుకునేది ఎక్కువగా ఇక్కడే. పెట్టెలో వేడిని 34, 35 డిగ్రీల మధ్య ఉంచి, గిన్నెలో మెత్తటి కాగితం చుట్టి గూడులా చేసి అందులో పెట్టాను. గిన్నె గుంటగా, ఇరుకుగా ఉండాలి. చదునుగా ఉన్నచోట పెడితే కాళ్లు చెరో పక్కకు జారిపోయి అలాగే వంకరగా గట్టిపడతాయి.

నాలుగోది వేడెక్కలేదు. నలభై నిమిషాల తర్వాత చూస్తే ఊపిరి లేదు. దాన్ని తీసేసి మిగతా మూడింటి పని చూసుకున్నాను. ఆ సమయంలో అంతకంటే చేయగలిగింది లేదు.

మూడింటికీ పేర్లు పెట్టలేదు. పెద్దది, నడిమిది, చిన్నది అని రాసుకున్నాను. పిచ్చుక ఆఖరి గుడ్డు పెట్టకముందే పొదగడం మొదలుపెట్టేస్తుంది. అందుకే చివరి పిల్ల కాస్త ఆలస్యంగా బయటికొస్తుంది, ఆ వెనకబాటు గూట్లో ఉన్నన్నాళ్లూ ఉంటుంది. చిన్నది అలాంటిదే అయి ఉండాలి.

ఒళ్లు వెచ్చబడ్డాక, ఉప్పూ చక్కెరా సరైన పాళ్లలో ఉన్న గోరువెచ్చని ద్రావణం నోరు తెరిచినప్పుడల్లా ఒక్కో చుక్క చొప్పున ఇచ్చాను. రెండు గంటలకు పెద్దది రెట్ట వేసింది. పచ్చగా, నీళ్లలా ఉంది, పాల వాసన వస్తోంది. అప్పుడే మేత మొదలుపెట్టాను. సాయంత్రానికి మూడూ మెడలు చాచి నోళ్లు తెరిచాయి. పసుపు అంచులు, లోపల గులాబి రంగు. ఆ నోరు చూసినప్పుడు కలిగే ధైర్యం నాకు ఎన్నేళ్లయినా తగ్గలేదు.

తల్లిదండ్రులకు తిరిగి ఇచ్చే ప్రయత్నం

పిచ్చుక పిల్లను పిచ్చుక పెంచినట్టు మనం పెంచలేం. తల్లీ తండ్రీ రోజంతా పురుగులు మోసుకొస్తాయి, ఏ పిల్ల ఎంత ఆకలిగా ఉందో నోరు చూసి తెలుసుకుంటాయి, ఏ నీడకు నక్కాలో నేర్పుతాయి. అందుకే ఏ కేసులోనైనా నా మొదటి ప్రశ్న “గూటికి తిరిగి చేర్చవచ్చా?” అనే. మనిషి తాకితే తల్లి దగ్గరికి రానివ్వదనే మాట నిజం కాదు. పిల్లల్ని గూట్లో తిరిగి పెట్టి మనం పక్కకు తప్పుకుంటే చాలా పక్షులు వెంటనే మేత మొదలుపెడతాయి.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. ఒంటినిండా ఈకలుండి, తోక పొట్టిగా ఉండి, నేల మీద గెంతుతూ తిరిగే పిల్లలు కనిపిస్తే వాటిని చాలామంది తప్పిపోయాయనుకుని ఎత్తుకొస్తారు. అవి గూడు దిగిన పిల్లలు. ఎగరడం సరిగా రాకముందే గూడు దిగడం వాటి పెరుగుదలలో ఒక మెట్టు. తల్లిదండ్రులు దగ్గర్లోనే ఉండి మేపుతుంటాయి. పిల్లి, రోడ్డు లాంటి ప్రమాదం ఉంటే పక్కనున్న పొదలోకి జరిపితే చాలు. ఇంటికి తేవద్దు. వీటి కేసు వేరు. ఇవి ఒంటి మీద ఈకే లేని గూటి పిల్లలు, గూడు లేదు, కన్నం కూడా మూసుకుపోయింది.

రెండో రోజు తెల్లవారకముందే ఒక చెక్కపెట్టె తీసుకుని ఆ ఇంటికి వెళ్లాను. పిల్లల తూకాలు 12.9, 12.1, 9.3. చిన్నది ఒక చుక్క తగ్గింది కానీ హుషారుగానే ఉంది. పాత గూటి గడ్డీ ఈకలూ కొన్ని పెట్టెలో పరిచి, మూసేసిన కన్నానికి మూర దూరంలో అదే ఎత్తున బిగించాం. పిల్లల్ని అందులో పెట్టి నేను ఎదురు గదిలో కిటికీ వెనక కూర్చున్నాను.

ఆరు దాటాక మగ పిచ్చుక వచ్చింది. నోట్లో ఆకుపచ్చ పురుగు. తిన్నగా సిమెంటు పూసిన చోటికే వెళ్లింది. కన్నం ఉండాల్సిన చోట కాళ్లు ఆనించి, రెక్కలు కొట్టుకుంటూ ఒక్క క్షణం వేలాడింది. వెళ్లిపోయింది. పది నిమిషాలకు మళ్లీ వచ్చింది, మళ్లీ అక్కడికే. మూడోసారి పిల్లల అరుపు విని పెట్టె మీద వాలింది. తల వంచి లోపలికి చూసింది. నేను ఊపిరి బిగబట్టాను. లోపలికి దిగలేదు. పురుగు తానే మింగేసి ఎగిరిపోయింది.

ఇలాంటప్పుడు ఎంతసేపు ఆగాలనే లెక్క ముందే వేసుకోవాలి. అక్కడ కూర్చున్నాక మనసు సరిగ్గా పనిచేయదు. “ఇంకో పది నిమిషాలు” అనిపిస్తూనే ఉంటుంది. ఒంటి మీద ఈక లేని పిల్లలు, అంతకుముందు రోజే చావు తప్పించుకున్నవి. రెండు గంటలే అనుకున్నాను. మధ్యలో ఒకసారి వెళ్లి మేత పెట్టి వచ్చాను. ఎనిమిది గంటలప్పుడు ఆడది కనిపించింది. దాని నోట్లో ఉన్నది పురుగు కాదు, పొడవాటి గడ్డిపోచ. ఇంటికి రెండో పక్క చూరు కిందికి తీసుకెళ్లింది. కాసేపటికి మగది కూడా ఒక ఈక తీసుకుని అటే పోయింది. గూడు పోతే పిచ్చుకలు ఆలస్యం చేయవు, కొద్ది రోజుల్లోనే మళ్లీ గుడ్లకు సిద్ధమవుతాయి. ఆ జంట అప్పుడే కొత్త గూడు మొదలుపెట్టేసింది.

పిల్లల్ని తీసుకుని వచ్చేశాను. మొదటిరోజు సాయంత్రమే తెచ్చి ఇచ్చి ఉంటే ఆ జంట ఒప్పుకునేదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ ఆ సాయంత్రం ఆ పిల్లలు బయట ఒక రాత్రి గడిపే స్థితిలో లేవు. రెండూ నిజమే.

మేత, రెట్ట, తూకం

మేత ఇలా కలిపాను. పిల్లికూనల కోసం తయారుచేసే ఎండు మేతను నానబెట్టి మెత్తగా రుబ్బాలి. ఉడికించిన గుడ్డు తెల్లసొన, కాల్షియం కార్బొనేట్ పొడి, పక్షుల విటమిన్ పొడి అందులో కలపాలి. దీనికి తోడు మీల్‌వర్మ్ పురుగుల్లో అప్పుడే కుబుసం విడిచి తెల్లగా మెత్తగా ఉన్నవి ఏరి పెట్టాను. పెద్ద పిచ్చుకలు గింజలు తింటాయి కదా అని పిల్లకు గింజలు పెట్టకూడదు. గింజ తినే పక్షుల్లో కూడా చాలావరకు పిల్లల్ని తొలిరోజుల్లో పురుగుల మీదే పెంచుతాయి. అలాగని ఒట్టి పురుగులు కూడా చాలవు. వాటిలో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. అవే పెడుతూ పోతే పిల్ల బొద్దుగానే కనబడుతుంది. గూడు దిగే వేళకు కాళ్ల మీద నిలబడలేదు. ఎముకలు మెత్తబడి వంగిపోతాయి. బయటి నుంచి నా దగ్గరికి ఆలస్యంగా వచ్చే పిల్లల్లో నన్ను ఎక్కువ బాధపెట్టేవి ఇలా వంగిన కాళ్లే.

ఒక్కో మేతకు పిల్ల బరువులో ఇంచుమించు ఇరవయ్యో వంతు. అంటే 12 గ్రాముల పిల్లకు 0.6 మిల్లీలీటర్లు. సిరంజి కొన నోట్లో పిల్లకు కుడివైపుగా, నాలుక వెనక్కి పోనిచ్చి వదలాలి. అన్నవాహిక ఆ పక్కన ఉంటుంది. మెడ పక్కన పల్చటి చర్మంలోంచి మేత ఉబ్బు కనిపిస్తుంది. అది పూర్తిగా దిగకముందే మళ్లీ నింపకూడదు. ఉదయం 6 నుంచి రాత్రి 8 వరకు అరగంటకొకసారి. 14 గంటలు, 28 మేతలు, మూడు పిల్లలు: రోజుకు 84 నోళ్లు. రాత్రి మేత అక్కర్లేదు. గూట్లోనూ రాత్రి ఎవరూ పెట్టరు.

రెట్ట గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే కొత్తగా చేరేవాళ్లు దీన్ని చూడకుండా తుడిచేస్తారు. గూటి పిల్ల రెట్ట విడిగా పడదు. తెల్లటి పల్చటి పొరలో మూటకట్టి వస్తుంది. మేత మింగిన కాసేపటికే పిల్ల వెనక్కి తిరిగి, తోక ఎత్తి ఆ మూటను అందిస్తుంది. తల్లి దాన్ని ముక్కుతో పట్టుకుని దూరంగా పడేస్తుంది. గూడు శుభ్రంగా ఉండేది అందువల్లే. మూట గట్టిగా, చిరగకుండా, నల్లటి చుక్కతో తెల్లగా వస్తే లోపల అంతా బాగున్నట్టే. ఈ మూడింటిలో పెద్దదానికి రెండో రోజు మధ్యాహ్నం మొదటి మూట వచ్చింది. నడిమిదానికి ఆ సాయంత్రం. చిన్నదానికి మూడో రోజు ఉదయం వచ్చింది, అదీ చిరిగిపోయి. తూకం కంటే ముందే రెట్ట నాకు చిన్నది వెనకబడి ఉందని చెప్పింది.

తూకం రోజుకు రెండుసార్లు, ఉదయం మొదటి మేతకు ముందు, రాత్రి చివరి మేతకు ముందు. 0.1 గ్రాము చూపే త్రాసు తప్పనిసరి. కళ్లు మోసపోతాయి. అరిచే పిల్ల బాగున్నట్టు, పడుకున్న పిల్ల నిండినట్టు కనిపిస్తుంది.

మూడో రోజు

ఉదయం తూకాలు 14.8, 14.0, 10.9. ఒక్కరోజులో దాదాపు రెండేసి గ్రాములు. నాకు టెన్షన్ తగ్గింది. అదే నన్ను దెబ్బతీసిందేమో.

పదకొండు గంటల మేత టైమ్‌కు గాయపడిన ఇంకో పక్షిని తెచ్చారు. నాతో పనిచేసే అమ్మాయి మేత కలుపుతోంది. “పిల్లల సంగతి చూస్తావా?” అన్నాను. “సరే అక్కా” అంది. ఆ అమ్మాయికి అర్థమైంది మేత కలిపి ఉంచమని. నాకు అర్థమైంది ఇక పెట్టడం తన వంతు అని. ఆ తర్వాత తను నాకు సాయంగా వచ్చింది. ఆ పక్షి రెక్కకు కట్టు కట్టడంలో ఇద్దరం మునిగిపోయాం. మధ్యాహ్నం 2:10కి నేను ఫ్రిజ్ తెరిచి చూసేసరికి మేత కలిపినట్టే ఉంది, ఒక్క చుక్క తగ్గలేదు.

“మీరు పెట్టారనుకున్నాను అక్కా” అంది ఆ అమ్మాయి. గొంతు వణికింది. తప్పు ఆమెది కాదు. చెప్పింది నేను, సరిగా చెప్పనిది నేను.

10:30 నుంచి 2:10 వరకు, మూడు గంటల నలభై నిమిషాలు. ఏడు మేతలు పోయాయి. పెద్దవి రెండూ ముడుచుకుని పడుకున్నాయి, శబ్దం చేస్తే లేచి నోరు తెరిచాయి. చిన్నది తెరవలేదు. దాన్ని అరచేతిలో వెచ్చగా పట్టుకుని, ముక్కు పక్కన మెల్లగా తడుతూ పదిహేను నిమిషాలు కూర్చున్నాను. ముందు ద్రావణం చుక్కలు, తర్వాత పల్చటి మేత. పోయిన మేతలన్నీ ఒకేసారి ఎక్కించి సరిచేద్దామనే తొందర వస్తుంది. అది ఇంకో తప్పు అవుతుంది. మామూలు మోతాదులో సగం చొప్పున ఇరవై నిమిషాలకొకసారి ఇచ్చుకుంటూ వచ్చాను. రాత్రి తూకాలు 14.9, 13.9, 10.5. పెరగాల్సిన రోజంతా పెరగకుండా పోయింది.

ఆ రాత్రే పద్ధతి మార్చాం. పెట్టె మీద కాగితం, అరగంటకొక గడి. పెట్టినవాళ్లే గడిలో సంతకం చేస్తారు. సంతకం లేని గడి అంటే మేత పెట్టలేదనే లెక్క. “చూస్తావా” అనే మాట మా దగ్గర ఇప్పుడు వాడం. “పదకొండుకు నువ్వు పెట్టు” అంటాం, ఎదుటివాళ్లు “పదకొండుకు నేను పెడతాను” అనాలి. అలారం వేరే. ఆ కాగితం నమూనా ఇప్పటికీ అదే వాడుతున్నాం.

నాలుగో రోజు నుంచి తూకాలు మళ్లీ లేచాయి. ఎనిమిదో రోజుకు 22.1, 21.4, 18.7. రెక్కల తొడుగులు కొనల దగ్గర పగిలి ఈకలు కుంచెల్లా విచ్చుకున్నాయి. వేడి మెల్లగా తగ్గిస్తూ వచ్చాను. అప్పటికి వాటి ప్రవర్తన కూడా మారింది. మొదట్లో ఏ కదలిక కనిపించినా నోరు తెరిచేవి. తొమ్మిది పది రోజుల వయసుకు కళ్లు పూర్తిగా తెరుచుకుని, తెలియని నీడ పడితే గిన్నెలో నక్కడం మొదలుపెట్టాయి. ఆ భయాన్ని మనం చెరపకూడదు. అప్పటినుంచి వాటి ముందు ఎవరూ మాట్లాడలేదు, చేతిలోకి తీసుకుని ఆడలేదు, ఫొటోల కోసం బయటికి తీయలేదు. మేత పెట్టేటప్పుడు బట్ట అడ్డం పెట్టుకున్నాం.

గీత కనిపించింది

తొమ్మిదో రోజు పెద్దది గిన్నె అంచు మీదికెక్కింది. మర్నాటికి మూడూ కొమ్మలు పెట్టిన బోనులో ఉన్నాయి. పదకొండో రోజు ఆరోగ్య పరీక్షకని నడిమిదాన్ని పట్టుకుని కిటికీ వెలుగుకు ఎదురుగా రెక్క విప్పాను. ఎగిరే ఈకలన్నిటి మీదా అడ్డంగా రెండు సన్నటి గీతలు. ఒకటి కొన నుంచి 4 మిల్లీమీటర్ల దిగువన, ఇంకొకటి 12 మిల్లీమీటర్ల దగ్గర. వెలుగు వాటిలోంచి గాజులోంచి వచ్చినట్టు వస్తోంది. తోకలో రెండో గీత మాత్రమే ఉంది, కొనకు కాస్త దిగువన, 12 ఈకల మీదా ఒకే వరసలో.

ఈక కొన నుంచి మొదలై అడుగు వైపు పెరుగుతుంది. ముందు పుట్టిన భాగం బయటికి తోసుకొస్తుంటుంది. పెరుగుతున్న వేళ తిండి ఆగినా, తీవ్రమైన బెదురు తగిలినా, ఆ గంటల్లో తయారయ్యే ఈకపోగులు సరిగా అల్లుకోవు. ఆ చోట ఒక పల్చటి గీత పడుతుంది. పెద్ద పక్షి ఈకలు ఒక్కొక్కటిగా మారుతాయి కాబట్టి గీతలు తలోచోట ఉంటాయి. పిల్లకు అన్ని ఈకలూ ఒకేసారి పెరుగుతాయి. అందుకే గీత రెక్క మొత్తం మీద ఒకే వరసలో, స్కేలు పెట్టి గీసినట్టు వస్తుంది. ఇదిగాక ఆరోగ్యమైన ఈక మీద కూడా వెలుగులో పట్టిచూస్తే లేతవీ ముదురువీ చారలు జంటలుగా కనిపిస్తాయి. ఒక జంట ఇంచుమించు ఒక రోజు పెరుగుదల. ఆ చారలు లెక్కపెట్టాను. రెండు గీతల మధ్య రెండున్నర రోజులు.

మొదటి గీత అట్టపెట్టెలో గడిపిన రాత్రిది. రెండోది నాది.

చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. తూకం మూడు రోజుల్లో సర్దుకుంది, రెట్ట సర్దుకుంది. కాగితం మీద ఆ మధ్యాహ్నం ముగిసిపోయింది. ఈక మీద ముగియలేదు. పెరగడం పూర్తయిన ఈకకు మరమ్మతు ఉండదు. తర్వాత ఈకలు రాలి కొత్తవి వచ్చే దాకా ఆ బలహీనత దాన్ని మోస్తున్న పక్షిదే.

చిన్నదానికి గీతలు మరీ స్పష్టంగా ఉన్నాయి. పదమూడో రోజు ఉదయం దాని ఎడమ రెక్కలో బయటి రెండు ఈకలు, తోకలో ఎడమ పక్కవి నాలుగు, సరిగ్గా ఆ రెండో గీత దగ్గరే తెగిపోయి ఉన్నాయి. బోను తీగలకు రెక్కలు కొట్టుకోవడం వల్ల జరిగింది. తీగ బోనులో పిల్ల పక్షుల్ని ఉంచకూడదని చదివినదాన్నే. “రెండు రోజులకేముందిలే” అనుకున్నాను. ఆ రోజే మూడింటినీ మెత్తటి వలగుడ్డ బిగించిన బోనులోకి మార్చాను.

ఎప్పుడు వదలాలి

తెగిన ఈకలకు ఏం చేయవచ్చో ఆలోచించాను. రాలిన ఈక ముక్కను తెగిన మొదలుకు అతికించే పద్ధతి ఉంది, డేగల్లాంటి పెద్ద పక్షులకు చేస్తారు. పాతిక గ్రాముల పిచ్చుకకు అంతసేపు పట్టుకునే బెదురే ప్రమాదం. తెగిన మొదలును పీకితే కొన్ని వారాల్లో కొత్తది మొలుస్తుంది. కానీ అది నొప్పి, పైగా ఈక మొలిచే గుంట దెబ్బతింటే ఇక ఎప్పటికీ సరిగా రాదు. మూడోది, ఆగడం. పిచ్చుక పిల్లలు గూడు దిగిన రెండు నెలలకు అటూఇటూగా తోక, రెక్కలతో సహా మొత్తం ఈకలు మార్చేస్తాయి. అన్నాళ్లు వలలో ఉంచితే అడవి తెలివి పోతుంది. ఎగరగలదో లేదో చూసి తేల్చుకుందామనుకున్నాను.

పెద్ద వలగదిలోకి మార్చాను. లోపల పొదలు, ఒక మూల ఎండు మట్టి, వెడల్పాటి నీళ్ల పళ్లెం. వల బయట అడవి పిచ్చుకలు మేతకు వచ్చే చోటు. ఈ చివరి సంగతి అన్నిటికంటే ముఖ్యం. పిచ్చుక గుంపులో బతికే పక్షి. నేను నేర్పలేనివి ఆ గుంపు వల అవతలి నుంచి నేర్పింది. ఒక మధ్యాహ్నం బయటి పిచ్చుకల్లో ఒకటి పొడిగా, తెగినట్టు అరిచింది. అన్నీ ఒక్కసారిగా పొదలో దూరాయి. లోపలివి మూడూ అదే క్షణంలో పొదలోకి దూరి రాయిలా బిగుసుకుపోయాయి. పైన ఒక డేగ దాటిపోయింది. ఆ రోజు పుస్తకంలో రాసిన వాక్యం కింద రెండుసార్లు గీత గీశాను.

తిండి మాన్పించడంలో తొందరపడలేదు. పద్దెనిమిది రోజుల వయసుకే ముక్కుతో గింజలు దొర్లించడం మొదలుపెట్టాయి, కానీ దొర్లించడం తినడం కాదు. పొట్టు ఒలిచి మింగడం రావాలి. పెద్దవి రెండూ నాలుగు వారాల వయసుకు సొంతంగా తిన్నాయి. చిన్నది రెక్కలు వణికిస్తూ ఇంకో ఐదు రోజులు అడిగింది, నేను పెట్టాను. అడిగే పిల్లకు పెట్టడం మానేసి “ఆకలైతే అదే నేర్చుకుంటుంది” అనే మాట నేను ఒప్పుకోను. తూకం పడిపోయాక నేర్చుకునే ఓపిక ఉండదు.

26వ రోజుకు పెద్దది, నడిమిది సిద్ధం. చేతి మేత లేకుండా ఐదు రోజులుగా తూకం నిలిచింది. నీళ్లలో తడిసినా ఈకల మీద చుక్కలు నిలిచి జారిపోతున్నాయి. నన్ను చూస్తే గది చివరికి పారిపోతున్నాయి. చిన్నది మాత్రం ఎడమవైపు తిరగాల్సినప్పుడు వెడల్పుగా తిరిగి, కొమ్మ మీద వాలబోయి తడబడుతోంది. పెద్దవాటిని వదిలేస్తే చిన్నది ఒంటరిదవుతుంది. ఉంచితే వాటి సమయం వృథా. మూడింటినీ ఇంకో వారం ఉంచాను. ఒంటరి పిచ్చుకకు బయట బతుకు కష్టమని నా నమ్మకం. ఇందులో నాతో ఏకీభవించనివాళ్లు మా పనిలోనే ఉన్నారు, వాళ్ల వాదనలోనూ బలం ఉంది.

ఆ వారంలో చిన్నది తిరిగే పద్ధతే మార్చుకుంది. ఎడమకు తిరిగేముందు ఒక్క రెక్క విసురు ఎక్కువ వేసి, ఎత్తు తీసుకుని తిరగడం నేర్చుకుంది. 32వ రోజు ఇరవైసార్లు లేపి చూశాను. ఒక్కసారి కూడా తడబడలేదు. తూకం 24.3.

33వ రోజు వాన సూచన లేని ఉదయం, అడవి పిచ్చుకలు మేతకు దిగాక వల కిటికీ తెరిచి లోపలికి వచ్చేశాను. మేతా నీళ్లూ ఎప్పటిలాగే లోపల పెట్టే ఉంచాను. నడిమిది పావుగంటలో వెళ్లింది. పెద్దది మధ్యాహ్నం. చిన్నది ఆ రోజు వెళ్లలేదు, మర్నాడూ వెళ్లలేదు. మూడో రోజు ఉదయం చూసేసరికి లోపల లేదు. బయటి గుంపులో, మట్టిలో పొర్లాడుతున్న నాలుగింటి మధ్య, తోక ఎడమ పక్క గాటుతో కనిపించింది.

ఇలాంటి పిల్లలు దొరికినవాళ్లు సొంతంగా పెంచే ప్రయత్నం చేయకుండా, వెచ్చగా చీకటిగా ఉండే పెట్టెలో పెట్టి, నోట్లో ఏమీ వేయకుండా, ఈ పని తెలిసినవాళ్లకు వెంటనే అందించాలి. చాలా దేశాల్లో అనుమతి లేకుండా అడవి పక్షిని ఉంచుకోవడం నేరం కూడా.

పెద్దదాన్నీ నడిమిదాన్నీ వదిలిన కొద్ది రోజులకే మిగతావాటి నుంచి వేరు చేయలేకపోయాను. వాటి గీతలు తెగలేదు కాబట్టి దూరం నుంచి గుర్తు లేదు. చిన్నదాన్ని మాత్రం ఆ గాటు వల్ల గుర్తుపట్టగలిగాను. పుస్తకంలో చివరి పేజీ ఇలా ఉంది:

“41వ రోజు: గాటు తోకది వచ్చింది. ఆరు పిచ్చుకలతో. ఎడమకు తేలిగ్గా తిరిగింది.

58వ రోజు: వచ్చింది. వల కిటికీ వైపు చూడలేదు.

74వ రోజు: వచ్చింది. తోక నడుమ రెండు ఈకలు కొత్తవి, సగం పెరిగాయి. గాటు ఇంకా ఉంది.

96వ రోజు: మేత దగ్గర పదకొండు పిచ్చుకలు. అన్నిటి తోకలూ నిండుగా ఉన్నాయి. ఏది ఏదో చెప్పలేకపోయాను.”